నరాల డాక్టరు కావాలనుకుంటే...

అమ్మాయికి మెడిసిన్‌లో సీటు వచ్చిందనగానే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ పిల్ల ఏ డాక్టరు కావాలో తామే తేల్చేస్తుంటారు. "ఆడపిల్ల కదా, గైనిక్ అయితే చేతినిండా పని" అంటుంది పెద్దమ్మ. "పిల్లల డాక్టరైతే నయం, మన వీధిలోనే బోర్డు పెట్టుకోవచ్చు" అంటాడు బాబాయి. "ఈ రోజుల్లో స్కిన్‌కే గిరాకీ, రాత్రిళ్ళు లేవక్కర్లేదు" అంటారు ఇంకెవరో. అన్నీ ప్రేమతో చెప్పే సలహాలే. కానీ మూడో ఏడో, నాలుగో ఏడో ఆ పిల్ల "నేను న్యూరాలజీ చేస్తానమ్మా" అందనుకోండి. ఇల్లంతా ఒక్క క్షణం నిశ్శబ్దం! ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. "అంటే... మెదడు కోసే డాక్టరా?" "ఆ జబ్బులకి అసలు మందులున్నాయా?" "అన్నేళ్ళు చదివితే పెళ్ళెప్పుడు?"

ఈ ప్రశ్నలకి జవాబులున్నాయి. ఆ అమ్మాయిలకీ, ముఖ్యంగా వాళ్ళ అమ్మలకీ తెలియాల్సిన సంగతి ఇంకొకటి కూడా ఉంది. న్యూరాలజీకి తయారవటమనేది ఎంబీబీఎస్ పట్టా చేతికొచ్చాక మొదలయ్యే పని కాదు. మెడికల్ కాలేజీలో ఉన్న ఆ అయిదున్నరేళ్ళలోనే సగం తయారీ అయిపోవాలి. అందులో పుస్తకాల పాత్ర కొంతే. మిగతాది చెవులది!

కోసే డాక్టరు కాదు

న్యూరాలజిస్టు కత్తి పట్టరు. మెదడుకీ, వెన్నుపాముకీ ఆపరేషన్ చేసేది న్యూరోసర్జన్. మనసుకి సంబంధించిన జబ్బులు చూసేది సైకియాట్రిస్టు. పక్షవాతం, మూర్ఛ, పార్కిన్సన్స్, పెద్దవయసు మతిమరుపు, మైగ్రేన్, కాళ్ళూ చేతుల తిమ్మిర్లు, కండరాల బలహీనత... వీటిని పరీక్షించి, ఎక్కడ లోపముందో పట్టుకుని, మందులతో వైద్యం చేసేది న్యూరాలజిస్టు.

"జబ్బు పేరు చెప్పి పంపేస్తారు, అంతకుమించి ఏం చేయగలరు?" అని ఈ డాక్టర్ల గురించి ఒకప్పుడు తోటి డాక్టర్లే ఎగతాళి చేసేవారట. ఆ రోజులు పోయాయి. మెదడులో రక్తనాళం పూడుకుపోయి పక్షవాతం వచ్చినప్పుడు, మూడు గంటలలోపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇస్తే కోలుకునే అవకాశం పెరుగుతుందని 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. 2008లో వచ్చిన మరో పరిశోధనతో ఆ గడువు నాలుగున్నర గంటలకి పెరిగింది. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన కొందరు రోగుల్లో సన్నని గొట్టం పంపించి గడ్డని బయటికి లాగేస్తున్నారు. తగిన రోగుల్లో 24 గంటల వరకూ కూడా ఇది పనికొస్తుందని 2018లో రుజువైంది. వైద్యం అందని ప్రతి నిమిషానికీ మెదడులో సుమారు 19 లక్షల కణాలు చనిపోతాయని 2006లో లెక్క కట్టారు. అంటే ఇది తీరిగ్గా కూర్చుని జబ్బులకి పేర్లు పెట్టే వైద్యం ఎంతమాత్రం కాదు. పరుగెత్తాల్సిన వైద్యం!

మన ఇళ్ళలోని జబ్బులే

ఇంకో మాట. ఈ శాఖలోకి వచ్చే జబ్బుల్లో ఆడవాళ్ళని వెంటాడేవి తక్కువేమీ కాదు. మైగ్రేన్ మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి దాదాపు మూడింతలు ఎక్కువ. "దానికెప్పుడూ తలనొప్పే" అని ఇంట్లోవాళ్ళు విసుక్కునే ఆ తలనొప్పి ఇదే.

మూర్ఛ సంగతి చూడండి. హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్ళికి అడ్డయ్యే జబ్బుల్లో మూర్ఛ కూడా ఉండేది. 1999లో చట్టాన్ని సవరించి ఆ మాట తీసేశారు. చట్టంలోంచి పోయినంత సులువుగా పెళ్ళిచూపుల్లోంచి పోయిందా? మందులు దాచుకుని మింగే కోడళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నెల తప్పిందని తెలియగానే భయపడి తమంతట తామే మాత్రలు ఆపేసి, ఫిట్స్ తిరగబెట్టి ప్రాణంమీదికి తెచ్చుకునేవాళ్ళున్నారు. మూర్ఛ మందుల్లో కొన్ని, ముఖ్యంగా వాల్‌ప్రొయేట్ లాంటివి, కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. మరికొన్నిటితో ఆ ప్రమాదం చాలా తక్కువ. ఏది మానాలో, ఏది మార్చాలో పెళ్ళికి ముందే కూర్చోబెట్టి చెప్పే డాక్టరు కావాలి. కేరళలో ఇలాంటి తల్లుల వివరాలు సేకరించటం 1998 నుంచీ జరుగుతోంది.

బాలింత సంగతి మరీ ముఖ్యం. కాన్పయిన కొద్దిరోజులకి విపరీతమైన తలనొప్పి, ఫిట్స్, ఒక చెయ్యి పడిపోవటం... మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టడంవల్ల ఇలా రావచ్చు. మన దేశంలో డాక్టర్లు ఎంతోకాలంగా గమనిస్తున్న జబ్బిది. బాలింతకి మంచినీళ్ళు తగ్గించి ఇచ్చే అలవాటుతో ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడటం దీనికొక కారణమని చెబుతారు. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ జబ్బుతో వచ్చిన 428 మంది వివరాలు పరిశీలించి 2012లో ఒక పత్రం ప్రచురించారు. ఇలాంటి పనికి మన అమ్మాయిలు పనికిరారని ఎవరనగలరు? నిమ్హాన్స్‌కి డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ గౌరీదేవి, ఢిల్లీ ఎయిమ్స్‌లో పక్షవాతం వైద్యంలో పేరు తెచ్చుకుని 2016లో పద్మశ్రీ అందుకున్న డాక్టర్ పద్మా శ్రీవాస్తవ ఇద్దరూ న్యూరాలజిస్టులే.

భయపెట్టే సబ్జెక్టు

మెడికోలలో చాలామందికి న్యూరాలజీ అంటే వణుకు. ఆ భయానికి ఒక పేరు కూడా ఉంది. న్యూరోఫోబియా! 1994లో జోజెఫోవిచ్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు పెట్టిన పేరిది. మొదట్లో చదివిన బేసిక్ సైన్సులని వార్డులో రోగికి అన్వయించుకోలేకపోవటమే ఈ భయానికి మూలమని ఆయన అన్నారు.

కాబట్టి తయారీ మొదటి ఏడాదిలోనే మొదలు కావాలి. మెదడు నుంచి వచ్చే 12 జతల నాడులు, వెన్నుపాము నుంచి వచ్చే 31 జతల నాడులు, నొప్పి ఒక దారిలో, స్పర్శ మరో దారిలో మెదడుకి చేరటం... వీటిని బట్టీ పట్టిన పిల్లలు పరీక్ష కాగానే మర్చిపోతారు. కాగితంమీద పదిసార్లు బొమ్మ వేసుకున్నవాళ్ళకి గుర్తుంటాయి.

మనకి తెలిసిన లెక్కలో చెప్పుకోవాలంటే ఇది రైలు మార్గం లాంటిది. సికింద్రాబాద్ నుంచి వెళ్ళే రైళ్ళు కాజీపేట దగ్గర రెండుగా చీలతాయి. కొన్ని బల్లార్షా వైపు, కొన్ని విజయవాడ వైపు. విజయవాడ బళ్ళు మాత్రమే ఆగిపోయాయంటే పట్టా కాజీపేట దాటాక దెబ్బతిన్నట్టు. రెండు వైపుల బళ్ళూ ఆగిపోతే లోపం కాజీపేటలోనో, అంతకుముందో ఉన్నట్టు. న్యూరాలజిస్టు చేసేదీ ఇదే. ఏ ఏ పనులు ఆగిపోయాయో చూసి దారి ఎక్కడ తెగిందో చెబుతారు. ముందు 'ఎక్కడ?' అనే ప్రశ్న. ఆ తర్వాతే 'ఏమిటి?' అనేది.

ఉదాహరణకి మూతి వంకరపోయిన మనిషిని నుదురు ముడవమంటారు. మూతి పక్కకి పోయినా నుదురు రెండు వైపులా ముడతలు పడుతోందంటే లోపం మెదడులో ఉండే అవకాశం ఎక్కువ. ఆ వైపు నుదురు కూడా కదలడం లేదంటే మెదడు దాటి వచ్చిన ముఖనాడి దెబ్బతిని ఉండొచ్చు. ఇది చదివి ఇంట్లో మీరే తేల్చేసుకోకండి సుమా! మూతి వంకరపోతే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. ఒక చిన్న ప్రశ్నతో ఎంత తెలుస్తుందో చెప్పటానికే ఈ ఉదాహరణ.

1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గర ఒక రోగి ఉండేవాడు. ఏమడిగినా "టాన్" అనే ఒక్క మాటే అనేవాడు. అడిగింది అర్థమవుతోంది, జవాబు మాత్రం నోటికి రావటం లేదు. అతను చనిపోయాక మెదడు పరీక్షిస్తే ఎడమవైపు ముందు భాగంలో లోపం కనిపించింది. మాట ఎక్కడ పుడుతుందో అలా తెలిసింది. స్కాన్ అన్న మాటే లేని రోజులవి. ఓపిగ్గా వినటం, చూడటం... అవే సాధనాలు!

చిన్న సంచిలో పట్టే సరంజామా

రెండో ఏడాది నుంచీ వార్డులకి పంపటం మొదలవుతుంది. ఇక్కడే పిల్లలు రెండు రకాలవుతారు. అటెండెన్స్ కోసం నిలబడేవాళ్ళు ఒక రకం, మంచం పక్కన కూర్చునేవాళ్ళు ఇంకో రకం. న్యూరాలజీ కావాలనుకున్న అమ్మాయి రెండో రకంలో ఉండాలి.

కావలసిన సరంజామా అంతా ఒక చిన్న సంచిలో పడుతుంది. మోకాలిమీద కొట్టే రబ్బరు సుత్తి, 128 ట్యూనింగ్ ఫోర్క్, కాస్త దూది, గుండుసూది, టార్చిలైటు. ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని పరీక్షించి చూడాలి. మామూలు ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా కనిపిస్తుంది. అందుకే హాస్టల్లో రూమ్మేట్ల మోకాళ్ళు, సెలవులకి ఇంటికొస్తే నాన్నగారి మోకాళ్ళు! అరికాలిమీద గీస్తే పెద్దవాళ్ళకి బొటనవేలు కిందికి వంగాలి. పైకి లేచిందంటే మెదడు నుంచి వచ్చే దారిలో ఎక్కడో లోపముందన్నమాట. 1896లో బాబిన్‌స్కీ చెప్పిన ఈ పరీక్ష ఇవాళ్టికీ చేస్తూనే ఉన్నారు. ఎమ్మారై వచ్చినా దాన్ని మానలేదు.

సుత్తికంటే పెద్ద సాధనం ఇంకొకటుంది. మా ఆడపడుచు కూతురు మూడో ఏడాది మెడిసిన్ వార్డులో ఉండగా జరిగిన సంగతి చెబుతాను. ఫిట్స్ వస్తున్నాయని ఇరవై రెండేళ్ళ అమ్మాయిని ఒక పల్లెటూరి నుంచి తీసుకొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ అత్తగారే మాట్లాడుతోంది. "ఉన్నట్టుండి పడిపోద్దండి, గాలి సోకిందన్నారు" ఇదే మాట. కేసు షీటులోనూ అంతే రాశారు. మధ్యాహ్నం అత్తగారు టీ తాగటానికి వెళ్ళినప్పుడు మా పిల్ల మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "అక్కా, పడిపోయే ముందు మొట్టమొదట ఏమవుతుంది? నీకు గుర్తున్నంతవరకే చెప్పు" అని అడిగింది. ఆ అమ్మాయి చాలాసేపు తలుపు వైపు చూసి, "కుడిచేతి బొటనవేలు కొట్టుకుంటదండీ. తర్వాత చెయ్యంతా. ఆ తర్వాత నాకు తెలీదు" అంది.

బొటనవేలు! అంటే ఫిట్స్ మెదడు ఎడమ భాగంలో ఒకచోట మొదలై పాకుతోందన్నమాట. మర్నాడు రౌండ్స్‌లో మా పిల్ల భయంభయంగానే ఆ మాట చెప్పింది. స్కాన్ తీస్తే సరిగ్గా అక్కడే చిన్న మచ్చ కనిపించింది. బద్దెపురుగు లార్వా మెదడుకి చేరి చేసిన గాయం. మందులతో తగ్గేదే. గాలీ లేదు, దెయ్యమూ లేదు. "ఆరునెలల నుంచీ ఎవరూ నన్ను అడగలేదండీ" అందట ఆ అమ్మాయి. మా పిల్ల న్యూరాలజీ చేస్తానని ఇంట్లో చెప్పింది ఆ వారమే.

ఫిట్స్ వచ్చినప్పుడు డాక్టరు దగ్గరుండరు. చూసేది తల్లో, భార్యో, పక్కవాటాలో ఆవిడో. పక్షవాతం వచ్చిన మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడున్నాడో చెప్పగలిగేదీ ఇంట్లోవాళ్ళే. ఆ జవాబు మీదే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది ఆధారపడి ఉంటుంది. అందుకే అడగటం, ఆగటం, వినటం - న్యూరాలజీలో ఇవి మర్యాదకి చేసే పనులు కావు, వైద్యమే.

నోటుపుస్తకం, ఒక గురువు

చూసిన ప్రతి నరాల కేసునీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. రోగి పేరు రాయకూడదు. రోగి ఏం చెప్పారు, నేను ఏమనుకున్నాను, స్కాన్‌లో ఏం తేలింది... ఇలా మూడు గళ్ళు. ఏడాది తిరిగేసరికి రెండో గడికీ మూడో గడికీ తేడా తగ్గుతూ రావటం పిల్లకే తెలుస్తుంది. పీజీ పరీక్షలోనైనా, అమెరికా ఇంటర్వ్యూలోనైనా "న్యూరాలజీయే ఎందుకు?" అని అడిగితే ఆ పుస్తకమే జవాబు.

అరుదైన కేసు కనిపించినప్పుడు యూనిట్ డాక్టరు సాయంతో, రోగి అనుమతితో కేస్ రిపోర్టు రాయొచ్చు. ఎంబీబీఎస్ విద్యార్థులు రెండు నెలలపాటు చిన్న పరిశోధన చేసుకునేందుకు ఐసీఎమ్మార్ వారి స్కాలర్‌షిప్ పథకం 1979 నుంచీ ఉంది. పరిశోధనకి దూరదేశాలు పోనక్కర్లేదు. నీళ్ళలోని ఫ్లోరైడ్‌వల్ల ఎముకలు పెరిగి, వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్ళు పడిపోతాయని ప్రపంచానికి తెలియజేసిన తొలి పత్రాల్లో ఒకటి 1937లో నెల్లూరు జిల్లా రోగులను చూసి రాసిందే! డబ్బు కడితే వ్యాసంలో పేరు వేస్తామనేవాళ్ళు మాత్రం ఉంటారు, వాళ్ళ జోలికి పోవద్దు. ఇంటర్వ్యూలో ఆ వ్యాసం గురించి రెండు ప్రశ్నలడిగితే గుట్టు రట్టవుతుంది.

ఒక గురువునీ వెతుక్కోవాలి. కాలేజీలో న్యూరాలజీ విభాగముంటే ఖాళీ మధ్యాహ్నాలు ఓపీలో ఓ మూల కూర్చోనివ్వమని అడగాలి. అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. అడిగేవాళ్ళే తక్కువ!

ఇక్కడి దారి

మన దేశంలో చదవాలంటే ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ కలిపి అయిదున్నరేళ్ళు. తర్వాత నీట్ పీజీ రాసి ఎండీ జనరల్ మెడిసిన్ మూడేళ్ళు. పిల్లల వైద్యంలో ఎండీ చేసినవాళ్ళకీ అవకాశముంది. ఆపైన నీట్ సూపర్ స్పెషాలిటీ రాసి డీఎం న్యూరాలజీ మరో మూడేళ్ళు. మొత్తం పదకొండున్నరేళ్ళు. మధ్యలో ఒక్క ఏడూ పోకుండా చదివినా చేతికొచ్చేసరికి ఇరవై తొమ్మిదేళ్ళు వస్తాయి. జనరల్ మెడిసిన్ సీట్లకి పోటీ ఎక్కువ కాబట్టి ర్యాంకు బాగా రావాలి. ఎయిమ్స్, నిమ్హాన్స్, జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ లాంటి సంస్థలకి పరీక్షలు వేరు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఎంబీబీఎస్ తర్వాత నేరుగా డీఎం న్యూరాలజీలో చేరే పద్ధతి కూడా ఉంది. సీట్లు కొద్ది, పోటీ ఎక్కువ. ఏ ఏడాదికి ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చూసుకోవాలి.

హౌస్ సర్జన్సీ ఏడాదిని చాలామంది పరీక్ష పుస్తకాలకే ధారపోస్తారు. వాళ్ళని తప్పుపట్టలేం, పోటీ అలా ఉంది. కానీ జనరల్ మెడిసిన్ డ్యూటీ పడిన రోజుల్లోనైనా క్యాజువాలిటీలో పక్షవాతం కేసులు వదలకూడదు. అక్కడ ఒక రాత్రిలో నేర్చుకునేది పదిరోజులు చదివినా రాదు.

అమెరికా దారి

ఇప్పుడు సగం ఇళ్ళలో అడిగేది ఇదే! అక్కడ న్యూరాలజీ రెసిడెన్సీ నాలుగేళ్ళు. మొదటి ఏడాది ఇంటర్నల్ మెడిసిన్, తర్వాత మూడేళ్ళు న్యూరాలజీ. కొన్ని చోట్ల నాలుగేళ్ళూ కలిపి ఇస్తారు. కొన్ని చోట్ల మొదటి ఏడాదికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. ఇది చూసుకోకపోతే చివర్లో చిక్కే.

యూఎస్‌ఎమ్మెల్ఈ మొదటి రెండు పరీక్షలూ విద్యార్థిగా ఉండగానే రాయొచ్చు. కనీసం రెండేళ్ళ మెడికల్ చదువు పూర్తయి ఉండాలి. స్టెప్ వన్‌లో మార్కులిచ్చే పద్ధతి 2022 జనవరిలో పోయింది. ఇప్పుడు పాసా, ఫెయిలా అంతే. దాంతో స్టెప్ టూ మార్కులకీ, సిఫారసు ఉత్తరాలకీ, రోగుల దగ్గర చేసిన పనికీ విలువ పెరిగింది. పైగా విదేశాల్లో చదివినవాళ్ళు ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, ఇంగ్లీషు పరీక్ష రాయాలి.

ఇక్కడొక కిటుకుంది. చదువుతుండగానే వెళితే అక్కడి కొన్ని ఆస్పత్రుల్లో ఎలెక్టివ్ పేరుతో రోగులని స్వయంగా పరీక్షించనిస్తారు. పట్టా పుచ్చుకున్నాక వెళితే చాలాచోట్ల పక్కన నిలబడి చూడటమే. మన పిల్ల పని కళ్ళారా చూసిన న్యూరాలజిస్టు రాసే ఉత్తరానికీ, మొహమాటానికి రాసే ఉత్తరానికీ ఎంత తేడా ఉంటుందో మీరే ఊహించుకోండి. అందుకే ఈ విషయం చివరి ఏడాదిలోపే తేల్చుకోవాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి ముందే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి.

దరఖాస్తులు సెప్టెంబరులో, ఇంటర్వ్యూలు చలికాలంలో, ఫలితం మార్చి మూడో శుక్రవారం. దాన్ని 'మ్యాచ్' అంటారు. పేరుకి తగ్గట్టే ఇది మన సంబంధాల లెక్కే! అభ్యర్థి తనకి నచ్చిన ఆస్పత్రులని వరసగా రాస్తుంది. ఆస్పత్రులు తమకి నచ్చిన అభ్యర్థులని వరసగా రాస్తాయి. కంప్యూటర్ రెండు జాబితాలనీ కలుపుతుంది. ఈ మ్యాచ్ 1952 నుంచీ ఉంది. కాలేజీ సీట్లకీ పెళ్ళిళ్ళకీ జతలు కుదర్చటం మీద 1962లో గేల్, షాప్లీ రాసిన గణిత వ్యాసంలోనూ ఇదే సూత్రం. ఈ రంగంలో కృషికి షాప్లీ, రోత్ అనే ఇద్దరికి 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో నేర్చుకోవాల్సింది ఒకటే. "ఇది మనకి రాదులే" అని పెద్ద ఆస్పత్రి పేరు కిందికి నెట్టకూడదు. నిజంగా నచ్చిన వరసలోనే రాయాలి. ఎత్తులు వేస్తే లాభం లేదు. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లయితే ఒకే ఊళ్ళో రావటానికి ఇద్దరి జాబితాలనీ జతచేసే ఏర్పాటు కూడా ఉంది.

రెసిడెంట్లకి జీతమిస్తారు. పని మాత్రం సగటున వారానికి 80 గంటల వరకూ ఉండొచ్చు. జే-1 వీసామీద వెళ్ళినవాళ్ళు ట్రైనింగ్ అయ్యాక రెండేళ్ళు స్వదేశానికి తిరిగి రావాలి. లేదా డాక్టర్లు లేని ప్రాంతాల్లో పనిచేసి మినహాయింపు తెచ్చుకోవాలి. పెళ్ళిసంబంధాలు మాట్లాడేవాళ్ళు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి అప్పటికప్పుడు సరిచూసుకోవటం మంచిది.

ఏ దారైనా పరీక్షల పేర్లు మారుతూనే ఉంటాయి. మన మెడికల్ సీట్లు ఎంసెట్ నుంచి నీట్‌కి మారలేదూ? మారనిదల్లా మంచం పక్కన కూర్చుని నేర్చుకున్న విద్యే.

అమ్మలు చేయగలిగినవి

ఇక ఆ మూడో ప్రశ్న. పెళ్ళెప్పుడు?

మా ఆడపడుచు కూతురు ఇప్పుడు ఎండీ రెండో ఏడాదిలో ఉంది. మొన్నామధ్య పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి "ఇంకా ఎన్నాళ్ళు చదువుతుంది?" అని అడిగారు. మా ఆడపడుచు నోరు విప్పేలోగా పిల్లే, "నాలుగేళ్ళు పైనే పడుతుందండీ. రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయి. ముందే చెప్పటం మంచిది కదా" అంది. ఆ సంబంధం కుదరలేదు. పిల్ల మర్నాడు డ్యూటీకి వెళ్ళిపోయింది. తల్లి మాత్రం రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆవిడ బాధని తేలిగ్గా తీసిపారేయలేం. ఇరవై ఆరేళ్ళు దాటిన కూతురున్న తల్లిని నలుగురూ ఎలా పలకరిస్తారో మనకి తెలియనిది కాదు.

కానీ ఒకటి ఆలోచించండి. ఆ నిజం పెళ్ళయ్యాక బయటపడితే చదువు మధ్యలో ఆగేది ఎవరిది? ఎండీతో ఆపెయ్యమని చెప్పేది ఎవరికి? చదువుకునే అబ్బాయిని ఇంకా ఎన్నేళ్ళని ఎవరూ అడగరు. అమ్మాయి విషయంలో ఆ లెక్క ముందే పెట్టి, ఒప్పుకున్నవాళ్ళతోనే మాట్లాడటం అందరికీ మేలు. చదువు మధ్యలో పెళ్ళి చేసుకుని, బిడ్డని కని డీఎం పూర్తిచేసినవాళ్ళూ ఉన్నారు. అలాంటివాళ్ళ వెనక ఒక అమ్మో, అత్తగారో, వంటింట్లోకి వచ్చే భర్తో తప్పకుండా ఉంటారు.

చేయగలిగిన చిన్న పనులు ఇంకా ఉన్నాయి. పరీక్షకి మూడు నెలల ముందు సంబంధాలు చూడటం ఆపండి. హౌస్ సర్జన్‌గా రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పిల్లని పేరంటానికి రమ్మని లేపకండి. "మీ అన్నయ్య స్నేహితుడు అప్పుడే ప్రాక్టీసు పెట్టేశాడు" అని పోల్చకండి. ఒకసారి ర్యాంకు రాకపోతే ఇంకోసారి రాయనివ్వండి. ఆ ఏడాది ఆమె ఇంట్లో ఖాళీగా ఉన్నట్టు కాదు. గ్యాస్ బండ వచ్చినప్పుడూ, చుట్టాలొచ్చినప్పుడూ లేవాల్సింది తనే అనుకోకండి.

ఈసారి పిల్ల సెలవులకి వచ్చినప్పుడు "ఏ పీజీ చేస్తావు?" అని మొదలుపెట్టకండి. "వార్డులో ఎవరిని చూశావమ్మా? వాళ్ళేం చెప్పారు?" అని అడిగి చూడండి. మీరు వింటున్నారని తెలిస్తే మీ అమ్మాయి చాలా చెబుతుంది. ఎలా అడగాలో, ఎలా వినాలో తనకి మీ దగ్గరే కొంత తెలుస్తుంది కూడా.